పెట్టలకి వేసెయ్యరా!

మా ఇంట్లో రోజుకు కనీసం మూడుమార్లు వినిపించే మాట ఒకటుండేది: "ఒరే, పారెయ్యకురా, పెట్టలకి వేసెయ్!" మా అమ్మ నోట పుట్టిన ఈ మాట క్రమంగా నా శ్రీమతికీ, నాకూ, చివరకు ఆరేళ్ళ మా అమ్మాయికీ అలవాటైంది. రాత్రి మిగిలిన అన్నమైనా, పొద్దున అడుగంటిన ఉప్మా అయినా, పిల్ల సగం కొరికి వదిలేసిన బిస్కత్తయినా, అంచున బూజు మొదలైన రొట్టెముక్క అయినా, అన్నిటికీ గమ్యం ఒక్కటే: పెరట్లో సపోటా చెట్టు కిందనున్న కోళ్ళ గూడు. చాలాకాలం నాకీ మాటలో దోషమేమీ కనిపించలేదు. పైపెచ్చు ఒక్క దెబ్బకు రెండు పుణ్యాలు దక్కినట్లుండేది. అన్నం నేలపాలు కాలేదు, మూగజీవాల కడుపు నిండింది. ఈ పుణ్యం లెక్కలో ఎక్కడో పొరపాటుందని తెలియడానికి రెండు చిన్న ప్రాణాలు పోవలసివచ్చింది. ఆ సంగతి చెప్పుకొని, దాని వెంబడి నాకు కలిగిన అభిప్రాయాన్ని మీ ముందుంచడమే ఈ టపా ఉద్దేశం.

మేముండేది తణుకుకు దగ్గరలో ఒక పల్లె. కోడిగుడ్ల వ్యాపారానికి మా ప్రాంతం పెట్టింది పేరు. ఊరి పొలిమేరల్లో వేలాది కోళ్ళుండే పొడవాటి షెడ్లు కనిపిస్తాయి. వాటిలో ఏ కోడి ఎన్ని గ్రాముల దాణా తినాలో, అందులో మాంసకృత్తులెంత ఉండాలో, సున్నమెంత ఉండాలో తూకం వేసి మరీ పెడతారు. ఆ షెడ్ల పక్కనుంచి రోజూ ఆఫీసుకు వెళ్ళివచ్చే నాకు, మా పెరటి కోళ్ళ విషయంలో మాత్రం తూకమన్న ఊహే రాలేదు. నాలుగు పెట్టలు, ఒక పుంజు, అప్పటికి పొదిగి దించిన ఏడు పిల్లలు, ఇదీ మా సంసారం.

అది ఎండాకాలం. కొత్త ఆవకాయ కలపడానికి జాడీ ఖాళీ చెయ్యాలి. నిరుటి ఆవకాయ అడుగున కాస్త మిగిలింది. ఊట ఇంకిపోయి, ముక్కలు మెత్తబడి, ఉప్పు పేరుకొని ఉంది. అమ్మ యథాప్రకారం తన మాట అంది. నాకొక సందేహం కలిగింది: అంత కారం ఈ పసికూనలు తట్టుకోగలవా అని. నా తెలివి ఉపయోగించి, కారం విరగడానికి ఆ ముద్దను చద్దన్నంలో కలిపి మరీ పెట్టాను. ఉత్త ఊరగాయయితే అవి రెండు పొడుపులు పొడిచి వదిలేసేవేమో. అన్నంలో కలిసేసరికి ఆబగా తిన్నాయి. మధ్యాహ్నం పుంజు నీళ్ళ మూకుడు తన్నేసిన సంగతి ఎవరమూ చూడలేదు. సాయంత్రానికి పిల్లలు నీరసంగా రెక్కలు వాల్చాయి. తెల్లవారేసరికి రెండు చచ్చిపడి ఉన్నాయి. మూడోది కాళ్ళు చాచుకొని పక్కకు ఒరిగి ఉంది.

దాన్ని తువ్వాలులో చుట్టుకొని పశువుల ఆసుపత్రికి పరుగెత్తాను. "నిన్న ఏం పెట్టారండీ?" అని అడిగారు డాక్టరు గారు. మా ఇంట్లో ఏదీ వృథా పోదన్న గర్వంతో మొదలుపెట్టిన జాబితా, ఆవకాయ దగ్గరకు వచ్చేసరికి నా గొంతులోనే ఆగిపోయింది. కారం వల్లనే ఇలా అయిందా అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపి, "కారం సంగతి వదిలెయ్యండి. అందులో ఉప్పెంతుంటుందో ఆలోచించారా?" అన్నారు. కొంచెం కొంచెంగా నీళ్ళు పట్టించగా పట్టించగా ఆ మూడో పిల్ల బతికి బట్టకట్టింది. మిగతా రెండింటినీ సపోటా చెట్టు పక్కనే పూడ్చాను. ఆ పూట అమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు.

అప్పటినుంచీ ఈ విషయమై దొరికిందల్లా చదువుతూ, తెలిసినవాళ్ళను అడుగుతూ వచ్చాను. ముందుగా నన్ను వెక్కిరించింది ఆ కారమే. మిరపకాయలోని ఘాటుకు మనకూ, ఇతర క్షీరదాలకూ నోరు మండుతుంది. పక్షులకు మండదు. ఆ ఘాటును మంటగా గుర్తించే గ్రాహకం మన నరాల్లో ఉన్నట్టే పక్షి నరాల్లోనూ ఉంది కానీ, దాని నిర్మాణంలో చిన్న తేడా వల్ల మిరపఘాటు దానికి అంటదు. 2002లో శాస్త్రజ్ఞులు ఈ తేడాను తేల్చింది సాక్షాత్తూ కోడి గ్రాహకం మీద పరిశోధించే. ఆ బృందానికి నాయకుడైన డేవిడ్ జూలియస్‌కు, మంటనూ వేడినీ గుర్తించే ఇటువంటి గ్రాహకాలను కనుగొన్నందుకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. మిరప మొక్క పన్నాగం కూడా ఇందులో ఉంది. గింజను నమిలి పాడుచేసే జంతువును తరిమి, గింజను మింగి దూరతీరాలకు చేర్చే పక్షిని రానివ్వడం దానికి లాభం. ఇక నేనో? ఏమాత్రం హాని చెయ్యని కారాన్ని విరిచి, ప్రాణం తీసే ఉప్పును రుచిగా తినిపించాను. కోళ్ళ దాణాలో ఉప్పు నూటికి అరపాలు దాటనివ్వరు. ఆవకాయలో ఉండేది దానికి ఎన్నో రెట్లు. పిల్లల మూత్రపిండాలు ఇంకా ముదరవు గనుక వాటికి మరింత ప్రమాదం. తాగడానికి నీళ్ళు కూడా లేకపోతే చెప్పనక్కరలేదు.

ఈ ఉదంతం నుంచి నాకు కలిగిన మొదటి అభిప్రాయం ఇది: మనం తినే తిండిలో కోడికి ఏది మంచిది, ఏది చెడ్డది అన్న విషయంలో మన నాలుక చెప్పే సాక్ష్యం చెల్లదు. మనకు ఘాటైనది దానికి చప్పన. మనకు నంజుడుకు సరిపోయే ఉప్పు దానికి విషం.

ఇక రెండో సంగతి, కొలత. గుడ్లు పెట్టే పెట్ట రోజుకు సుమారు 100 నుండి 120 గ్రాముల దాణా తింటుంది. ఇంట్లోని మిగులు తిండి ఇందులో పదోవంతుకు మించకూడదన్నది కోళ్ళు పెంచేవారు సాధారణంగా పాటించే లెక్క. అంటే పదీ పన్నెండు గ్రాములు. చంటిపిల్లకు గోరుముద్దలు తినిపించే తల్లి చేతిలో ఒక్క ముద్ద! మా నాలుగు పెట్టలకూ, పుంజుకూ కలిపి ఐదు గోరుముద్దలు. మేము వేస్తున్నదేమో గిన్నెలకు గిన్నెలు. అన్నంతో కడుపు నిండిన కోడి దాణా ముట్టదు. గుడ్లు పెట్టే కోడి దాణాలో మాంసకృత్తులు నూటికి 16 నుండి 18 పాళ్ళు ఉండాలి. బియ్యంలో ఉండేవి ఏడు పాళ్ళ చిల్లర. ఒక్కొక్క గుడ్డు పెంకులో దాదాపు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. అన్నంలో అది ఉన్నా లేనట్టే. ఇక ఆ పెట్ట తన ఎముకల్లోంచి తీసి పెంకు కట్టుకుంటుంది. పెంకు పలచబడటం, గుడ్లు తగ్గడం, పెట్ట చతికిలబడటం చూసి, "దిష్టి తగిలింది" అనుకొన్న రోజులు మా ఇంట్లోనూ ఉన్నాయి. నాకిప్పుడు అర్థమైనంతలో ఆ దిష్టి మా అన్నపు గిన్నెదే.

కోడికి మిగులన్నం పెట్టిన సందర్భమే లోకానికి ఒక గొప్ప పాఠం నేర్పిన కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1880ల చివర, అప్పటి డచ్చి పాలనలోని జావా ద్వీపంలో, బటేవియా నగరంలో, క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధి మీద పరిశోధిస్తుండేవాడు. ఉన్నట్టుండి ఆయన ప్రయోగశాల కోళ్ళకు కాళ్ళు పట్టుదప్పి, నడవలేక కూలబడిపోవడం మొదలైంది. కొన్నాళ్ళకు అంతే ఆశ్చర్యంగా కోలుకున్నాయి. విచారిస్తే తేలినదేమిటంటే, ఆ మధ్యకాలంలో కోళ్ళను చూసే మనిషి ఖర్చు కలిసివస్తుందని సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లటి పాలిష్ బియ్యపు అన్నం వాటికి పెట్టాడు. తరువాత వచ్చిన కొత్త వంటవాడు, సైనికుల బియ్యం పౌరుల కోళ్ళకు ఇవ్వడం కుదరదని నిరాకరించాడు. అతని కాఠిన్యమే కోళ్ళ పాలిట వరమైంది. పైపొర తీయని బియ్యం మళ్ళీ దొరికి అవి లేచి నిలబడ్డాయి. ఐక్‌మన్ మొదట బియ్యపు పిండిలోనే ఏదో విషముందనుకొన్నాడు. అసలు లోపం తీసేసిన తవుడులో ఉందని 1901లో ఆయన తరువాతివాడైన గెరిట్ గ్రైన్స్ వివరించాడు. ఆ దారిలోనే నడిచి 1912లో కాసిమిర్ ఫంక్ 'విటమిన్' అనే మాటను పుట్టించాడు. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

ఈ కథ నాకు ఎందుకింత నచ్చిందంటే, ఇది కోళ్ళ కథ మాత్రమే కాదు. గత శతాబ్దపు పూర్వార్ధంలో మన ఉత్తర సర్కారు జిల్లాల్లోనూ బెరిబెరి ఉండేది. తెల్లన్నమే సర్వస్వమైన ఇళ్ళలో మనుషుల కాళ్ళూ అలాగే పట్టుదప్పేవి. కోడి ముందు మనం మిగులన్నం పెట్టినప్పుడు, మన కంచంలోని లోపాన్నే దాని ముందు పెడుతున్నాం. మనం పప్పూ, కూరా, పెరుగూ తిని ఆ లోపాన్ని పూడ్చుకుంటాం. దానికి ఉత్త అన్నమే వేస్తాం. అందుకే మా ఇంట ఇప్పుడు అన్నం ముద్ద పెట్టినా తవుడులో కలిపి పెడతాము.

అయితే మరి ఏం పెట్టవచ్చు? మన వంటింట్లో దానికి పనికివచ్చేవి తక్కువేమీ కావు. తోటకూర కాడలు, మునగాకు, క్యాబేజీ పై రేకులు, సొర, బీర, దోసకాయల చెక్కులు, పుచ్చకాయ తొక్కలోపలి తెల్లభాగం, బొప్పాయి, అరటిపండు, మాగిన మామిడి టెంకకు అంటుకొన్న గుజ్జు, కొబ్బరి తురుము, ఉడికిన చిలగడదుంప, ఇవన్నీ నిక్షేపంలా పెట్టవచ్చు. ఆకుపచ్చనివి తింటే పచ్చసొన రంగు నిండుగా వస్తుంది. నూకలు, జొన్నలు, సజ్జలు, రాగులు తాతలనాటి తిండే. పచ్చి బియ్యపు గింజలు పక్షుల పొట్టలో ఉబ్బి వాటిని చంపేస్తాయని పాశ్చాత్య దేశాల్లో ఒక పుకారుంది. పెళ్ళిళ్ళలో వధూవరుల మీద బియ్యం చల్లడం మానేసినవారు కూడా ఉన్నారట అక్కడ. అది ఉత్త పుకారే. మన పెళ్ళి అక్షతలు ఏరుకు తిన్న కోడికి ఆ బియ్యం వల్ల వచ్చే ముప్పేమీ లేదు. పంటి పని చెయ్యడానికి దానికి కందనకాయ ఉంది. నాలుగు ఇసుకరేణువులు, గులకరాళ్ళు ఏరుకోవడానికి చోటుంటే చాలు, గింజ ఎంత గట్టిదైనా నూరేస్తుంది. ఉప్పులేని ఇడ్లీ ముక్క, ఉడికించిన గుడ్డు, ఎండబెట్టి బాగా నలిపిన గుడ్డుపెంకు కూడా మంచివే. పెంకు నలపకుండా వేస్తే, పచ్చి గుడ్డు రుచి చూపిస్తే, తన గుడ్డును తానే పొడుచుకు తినే దురలవాటు పట్టుకోవచ్చు. పెరుగు, మజ్జిగ చెంచాడు ఫర్వాలేదు గానీ, పాలలోని చక్కెరను అరిగించుకొనే శక్తి పక్షికి అంతగా లేదు, ఎక్కువైతే పారుతుంది.

పెట్టకూడనివి వేరే జాబితా. పచ్చళ్ళు, ఉప్పుచేప, అప్పడాలు, చిప్స్ వంటి ఉప్పు సరుకులన్నీ మొదటి వరుస. నూనె ఓడే వేపుళ్ళు, మిఠాయిలు రెండో వరుస. ఇవి వెంటనే చంపవు, కొవ్వు పట్టించి కాలేయాన్ని పాడుచేస్తాయి. చాక్లెట్, వడకట్టిన కాఫీ పిప్పి, టీ పిప్పి పొరపాటున కూడా వెయ్యరాదు. వాటిలోని ఉత్తేజక పదార్థాలు చిన్న గుండెకు చాలా పెద్దవి. మా ఇంట్లో టీ పిప్పి గులాబీ మొక్క మొదట్లో వేసేవాళ్ళం. పెట్టలు అక్కడే తవ్వేవి! ఇప్పుడది మట్టిలో లోతుగా కప్పెడుతున్నాము. ఆకుపచ్చగా మారిన బంగాళాదుంపలు, వాటి తొక్కలు, మొలకలు, టమాటా ఆకులు, కాడలు విషతుల్యం; పండిన టమాటా పండు మాత్రం నిరపాయం. ఈమధ్య మన పట్నాల్లోనూ, విదేశాల్లోని మన వాళ్ళ ఇళ్ళలోనూ తరచుగా కనిపిస్తున్న అవకాడో పక్షులకు శత్రువు. దాని తొక్క, టెంక, ఆకు మరీ ప్రమాదం. సీతాఫలం గింజలను పేలమందుగా నూరేవారన్న సంగతి గుర్తుంచుకొంటే, వాటిని పెరట్లో ఎందుకు ఉమ్మకూడదో తెలుస్తుంది. ఉల్లిపాయ ఎక్కువైతే కొన్ని జంతువుల, పక్షుల రక్తకణాలను చెడగొడుతుంది. కూరలో పడ్డ ముక్కకు భయపడనక్కరలేదు గానీ, తరిగిన ఉల్లిపాయ పొట్టు బుట్ట బోర్లించరాదు.

రాజ్మా గింజల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నానబెట్టి ఉడికించని రాజ్మాలో ఉండే ఒక పదార్థం మనుషులకే వాంతులు తెప్పిస్తుంది. అరకొరగా ఉడికినా ప్రమాదమే. బాగా మరగబెడితేనే విరుగుతుంది. పచ్చి సోయా గింజలు మాంసకృత్తులు అరగకుండా అడ్డుపడతాయి. కనుక కాయధాన్యం ఏదైనా ఉడికించి పెట్టడమే క్షేమం. ఇవికాక, తినేవి కాకపోయినా తిండితోపాటు వెళ్ళేవి కొన్నున్నాయి: పూలదండ దారం, పాల ప్యాకెట్టు చించిన మూల, పొట్లానికి కొట్టిన పిన్ను. పూజ అయ్యాక నిర్మాల్యం పెరట్లో వేసే ఇళ్ళలో, దారం కోడి మెడ కిందనున్న తిండిసంచిలో చుట్టుకుపోయే అవకాశముంది.

కానీ ఈ జాబితాలన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. అది బూజు. "బూజు పట్టింది, మనం తినలేం, పెట్టలకి వేసెయ్" అన్న మాటలో 'కనుక' అనే పదం దాగి ఉంది. మనం తినలేం, కనుక అవి తినవచ్చు! ఈ తర్కం ఎంత ఘోరమైనదో 1960లో ఇంగ్లండు చూసింది. ఆ ఏడు అక్కడ లక్షకు పైగా టర్కీ కోళ్ళు కొన్ని నెలల్లో చనిపోయాయి. కారణం తెలియక దానికి 'టర్కీ ఎక్స్ జబ్బు' అని పేరు పెట్టారు. చివరకు తేలినది, వాటి దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ పిండిలో పెరిగిన బూజు. అది చేసే విషానికే అఫ్లటాక్సిన్ అని పేరు వచ్చింది. మన అనంతపురం వంటి వేరుశనగ సీమకు ఈ విషం కొత్తది కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి వేరుశనగలో దీన్ని తగ్గించే మార్గాలమీద పనిచేశారు. నాటుకోడి టర్కీ కంటే కొంత తట్టుకొంటుంది, నిజమే. తట్టుకోవడమంటే చావకపోవడం మాత్రమే. కాలేయం చెడుతుంది, ఎదుగుదల ఆగుతుంది, గుడ్లు తగ్గుతాయి. వంటతో ఆ విషం పోదు. అందులో కొంత గుడ్డులోకీ చేరగలదు. మనం తినలేమని వేసినది గుడ్డు రూపంలో మళ్ళీ మన పిల్ల కంచంలోకే రాగలదన్నమాట. కుళ్ళిన మాంసం, చేపల సంగతీ అంతే. అందులో పుట్టే ఒక సూక్ష్మజీవి విషం వల్ల కోడి మెడ వాలిపోయి చనిపోతుంది. పచ్చి కోడిమాంసం కడిగిన నీళ్ళు, ఈకలు, పేగులు పెట్టలు తిరిగేచోట పారబోస్తే, కొక్కెర తెగులు వంటి రోగాలను మనమే పిలిచి పీట వేసినట్టు. 2025 ఫిబ్రవరిలో మా మండలంలోని వేల్పూరులో బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పుడు మేమంతా ఎంత భయపడ్డామో చెప్పలేను. దుకాణం నుంచి తెచ్చిన పచ్చి మాంసపు నీళ్ళు పెరట్లో పొయ్యడం అప్పటితో కట్టిపెట్టాము.

ఇంగ్లండులో ఇంకో అడుగు ముందుకు వేశారు. 2001లో అక్కడ గాలికుంటు వ్యాధి ప్రబలి అరవై లక్షలకు పైగా పశువులను చంపవలసివచ్చింది. ఉడికించని ఎంగిలి తిండి మేపిన ఒక పందుల పెంపకశాల నుంచి అది మొదలైందని విచారణలో తేల్చారు. అప్పటినుంచి వంటింటి మిగుళ్ళను పశువులకే కాదు, పెరటి కోళ్ళకు వెయ్యడం కూడా అక్కడ చట్టవిరుద్ధం. మాంసం, పాలు, గుడ్లు ఏవీ వండని ఇళ్ళకు మాత్రం మినహాయింపు. క్యారెట్టు చెక్కు అయినా సరే, మామూలు వంటింటి గడప దాటి వచ్చిందంటే కోడికి వెయ్యరాదు. మనకు అంత చట్టం అవసరమని నేననను. మన ఇళ్ళలో అది నిలవదు కూడా. దాని వెనుకనున్న భయం మాత్రం న్యాయమైనదని ఒప్పుకొంటాను.

"మీరు మరీ చాదస్తం పోతున్నారు. మా నాయనమ్మ కాలంలో కోళ్ళు ఏం తినలేదు? అన్నీ తిన్నాయి, గుండ్రాయిల్లా ఉన్నాయి" అని మీలో కొందరు అనుకొంటుండవచ్చు. మా ఇంటికి వచ్చిన బంధువులూ అదే అన్నారు. దీనికి నా జవాబు రెండు విధాలు.

నాయనమ్మల కాలంలో ఇంటి మిగులుకు నోళ్ళు చాలా ఉండేవి. బియ్యం కడుగు, గంజి, కూరగాయల చెత్త కుడితి తొట్టిలోకి వెళ్ళి గేదె కడుపులో పడేవి. ఎంగిలాకు కుక్కకు, మొదటి ముద్ద కాకికి, పెంటకుప్పకు మిగతాది. కోడి వాటా అరుగు మీద రాలిన మెతుకులూ, దంపుళ్ళ దగ్గర ఎగిరిన నూకలూ మాత్రమే. మిగతా కడుపు అది ఊరంతా తిరిగి పురుగూ పుట్రా, గడ్డీ గింజా ఏరుకొని నింపుకొనేది. ఇష్టంలేనిదాన్ని వదిలేసే స్వేచ్ఛ దానికి ఉండేది. ఇప్పుడు గేదె పోయింది, కుడితి తొట్టి పోయింది, పెంటకుప్ప పోయింది. ఒక కుటుంబం మిగులంతా, అదీ ప్యాకెట్ల ఉప్పూ, నూనే, చక్కెరా కలిసిన మిగులు, వలకట్టిన గూట్లో ఉన్న నాలుగు పెట్టల నెత్తిన పడుతోంది. వాటికి ఏరుకోవడానికి మరొకటి లేదు. ఇక రెండో జవాబు: ఆనాడు చచ్చిన కోళ్ళను ఎవరు లెక్కపెట్టారు? "తెగులొచ్చింది" అనుకొని ఊరుకొనేవారు. బతికినవే మన జ్ఞాపకాల్లో గుండ్రాయిల్లా మిగిలాయి.

అసలు విషయానికి వస్తాను. "పెట్టలకి వేసెయ్" అనే మాట కోడి మీది ప్రేమతో పుట్టింది కాదని నాకిప్పుడు అనిపిస్తోంది. అది అన్నం పారేస్తున్నామన్న అపరాధభావం నుంచి పుట్టింది. అన్నం పరబ్రహ్మ స్వరూపమని నమ్మే ఇళ్ళలో పెరిగినవాళ్ళం. కంచంలో మెతుకు వదిలితే మొట్టికాయలు తిన్నవాళ్ళం. ఆ భావం గొప్పది, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ అవసరానికి మించి వండి, మిగిల్చి, రెండు రోజులు ఫ్రిజ్జులో దాచి, పాడయ్యాక ఆ పాపాన్ని మూగజీవి కడుపులోకి దించి, చేతులు దులుపుకోవడం అన్నాన్ని గౌరవించడం కాదు. పారేసే చోటు మారిందంతే. ఏదైనా పెట్టదలిస్తే అది మనం ఆ క్షణాన తినడానికి సిద్ధపడేదై ఉండాలి. తాజాగా, చప్పగా, ఒక్క ముద్దకు మించకుండా. మనం తినడానికి వెరచేదాన్ని దానికి పెట్టరాదు. ఇంతకు మించిన సూత్రం నాకు దొరకలేదు. పై జాబితాలన్నీ మరచిపోయినా ఇదొక్కటి గుర్తుంటే చాలావరకు తప్పుజరగదు; ఆ తరువాత చాక్లెట్టు, అవకాడో, టీ పిప్పి వంటి నాలుగు మినహాయింపులు బట్టీ పట్టుకోవడం పెద్ద పనికాదు. పాడైపోయినదానికి మట్టి ఉంది. పెరట్లో మూలగా, పెట్టలకు అందకుండా ఒక గుంట తవ్వుకొంటే, ఆరు నెలల్లో అది మొక్కలకు ఎరువవుతుంది.

మా ఇంట్లో ఇప్పుడు ఆ గుంట ఉంది. నీళ్ళ మూకుడు బదులు పుంజు తన్నలేనంత బరువైన రాతి తొట్టి ఉంది. ఆనాడు బతికిన పిల్ల పెరిగి పెద్దదై, ఈ మధ్యనే గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. అమ్మ మాత్రం నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు, తననూ తాను అనుకోలేదు. అయితే మొన్న రాత్రి గిన్నెలో అన్నం మిగిలినప్పుడు, నేను చూస్తూండగానే ఆమె దాన్ని పట్టుకొని పెరటి గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చింది. గిన్నె బల్లమీద పెట్టి నా శ్రీమతితో అంది: "రేపట్నించి ఓ అరసోలెడు తగ్గించి వండమ్మా."

మా పెట్టలకు ఇంతకాలంలో దక్కిన మేలు ఆ మాటే అనిపించింది నాకు. మీ ఇళ్ళలో, మీ ఊళ్ళలో కోళ్ళకు ఏం పెట్టేవారో, ఏం పెట్టవద్దనేవారో, మీ పెద్దలు చెప్పిన మాటలేవైనా గుర్తుంటే వ్యాఖ్యల్లో పంచుకోవలసిందిగా మనవి. నా అవగాహనలో పొరపాట్లుంటే దిద్దండి. ఈ విషయంలో పొరపాటుకు మూల్యం చెల్లించేది మనం కాదు గనుక, దిద్దించుకోవడానికి నాకేమీ సంకోచం లేదు.